సెరామిక్ కత్తి పట్టిన చిట్టితల్లికి

చిట్టితల్లీ,

సెలవు రోజుల్లో తోలు మీద పూలు చెక్కుతున్నావట, వేళ్ల మధ్య కాడ తిరిగే స్వివెల్ కత్తి కొన్నావట, దానికి సెరామిక్ బ్లేడు కూడా తెప్పించావట. మీ నాన్న ఫోనులో చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషం సగం, భయం సగం. మీ తాత తోలు కోసే తన రంపె, బెజ్జాలు పొడిచే ఆరె మా అన్నదమ్ముల చేతికి అందకుండా అటక మీద దాచేవాడు. తోలు పని తనతోనే ఆగిపోవాలనేవాడు. మీ నాన్న ఆ మాట విని బడిపంతులయ్యాడు. నేను వినకుండా కాన్పూర్ వెళ్లి జీనుల కార్ఖానాలో చేరాను. ఇప్పుడు ఆ ఇంటి ఆడపిల్ల ఎవరూ పంపకుండా, ఏ అవసరమూ తరమకుండా, ఇష్టపడి తోలు ముందు కూర్చుంది. నాకు గుండె నిండిపోయింది.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. క్రోమియం లవణాలతో శుద్ధి చేసిన క్రోమ్ తోలు మీద చెక్కిన గీత నిలవదు, చెట్టు బెరడుతో శుద్ధి చేసిన తోలే కొను. మన లందల్లో, అంటే తోలు ఊరబెట్టే గుంతల్లో, తంగేడు చెక్క, కరక్కాయ వేసి నానబెట్టిన తోలు ఆ రకమే. స్పాంజితో తడిపి, పైన మళ్లీ అసలు రంగు తేలుతున్నప్పుడు కత్తి పెట్టు. మందంలో సగానికి మించి దించకు. చూపుడు వేలిని కత్తి పైనున్న వంపులో ఆనించి, మిగతా వేళ్లతో కాడను తిప్పుతూ నీ వైపు లాగు. ఇవన్నీ నువ్వు ఈపాటికి నేర్చుకునే ఉంటావు.

నాకు దిగులంతా ఆ తెల్ల సెరామిక్ బ్లేడు గురించే. ఉక్కు కంటే నున్నగా జారుతుంది, తడి తోలులో ఎంతసేపున్నా తుప్పు పట్టదు, పదును చాలా కాలం నిలుస్తుంది. కానీ గాజులా పెళుసు. బల్ల మీద నుంచి గచ్చు మీద పడిందా, దాని ఆయుష్షు తీరినట్టే. నువ్వు కూర్చునే చోట కింద మందపాటి గోనెపట్టా పరుచుకో. అచ్చులు కొట్టే పాలరాతి పలక మీద మాత్రం ఈ కత్తితో గీయకు. తోలు అంచు దాటి మొన రాయికి తగిలితే చాలు, పెచ్చు లేస్తుంది.

నేను చేసిన పని చెబుతాను విను. అప్పటికి నాకు ముప్పై దాటాయి. అమెరికా నుంచి జీనులు కొనడానికి వచ్చిన వ్యాపారి ఒకాయన మా ఉస్తాద్‌కు సెరామిక్ బ్లేడు ఇచ్చి వెళ్లాడు. ఉస్తాద్ దాన్ని గుడ్డలో చుట్టి పెట్టెలో దాచేవాడు. నా చేయి కుదురుకుందని నమ్మాక, ఒక జీను పక్క రెక్క మీద గులాబీ తీగ చెక్కమని ఇచ్చాడు. రెండు రోజులు నీటి మీద పడవలా జారింది. మూడో రోజు సాయంత్రం బరువుగా పట్టడం మొదలైంది. మొద్దుబారింది అనుకున్నాను. ఉస్తాద్‌ను అడగాలంటే సిగ్గు. మీ తాత రంపె నూరడం చిన్నప్పుడు చూసినవాణ్ణి కదా, నాకు రానిదేముంది అనుకున్నాను. అందరూ వెళ్లాక, ఉక్కు పనిముట్లకు వాడే గరుకు కార్బొరండం రాయి మీద, నీళ్లయినా చల్లకుండా, మీ తాతలాగే బలమంతా పెట్టి నూరాను. దీపం వెలుగులో తళతళలాడింది. బొటనవేలి గోరు మీద మొనను మెల్లగా లాగి చూసుకుని ఉంటే అది కీచుమంటూ పట్టేది, అంచంతా సన్నటి రంపంలా పెచ్చులూడిందని తెలిసేది. చూడలేదు.

తెల్లారి చెక్కుతుంటే ప్రతి గీత పక్కనే వెంట్రుకంత రెండో గీత పడుతోంది. తోలు తెగడం లేదు, చిరుగుతోంది. ఆగవలసింది పోయి ఇంకా గట్టిగా నొక్కాను. ఒక రేకు వంపు తిప్పుతుండగా టక్కుమంది. బ్లేడు మూల విరిగి ఎగిరి వచ్చి కుడి కంటి కింద గుచ్చుకుంది. మరో అంగుళం పైకి తగిలి ఉంటే ఈ ఉత్తరం ఎవరి చేతనో రాయించవలసి వచ్చేది.

ఉస్తాద్ తిట్టలేదు. కట్టు కట్టించాడు. తర్వాత నా ఉక్కు కత్తి తీసుకున్నాడు. అదీ అప్పటికి బరువుగానే లాగుతోంది. తోలుపట్టా మీద రూజు, అంటే మెరుగుపెట్టే మెత్తటి ముద్ద, పూసి, మంగలి కత్తిని తిప్పినట్టు వెనక్కి లాగుతూ ఇటు పది, అటు పదిసార్లు రుద్దాడు. పట్టా మీద నల్లటి చారలు పడ్డాయి. తర్వాత నా ముందే గీత గీశాడు. వెన్నలో దిగినట్టు దిగింది. మొద్దుబారింది బ్లేడు కాదు తల్లీ. తోలులోని జిడ్డూ మడ్డీ అంచుకు పట్టేశాయి, అంతే. తుడిస్తే పోయేదానికి నేను బ్లేడు విరగ్గొట్టాను.

అందుకే కత్తి బరువెక్కగానే రాయి జోలికి పోకు. ముందు పట్టా మీద రుద్దు. కూర్చున్నంతసేపూ, పావుగంటకొకసారి రుద్దినా తప్పు లేదు. రూజు సెరామిక్ కంటే మెత్తన, అంచును అరగదీయదు, మురికి లాగేస్తుంది. రుద్దేటప్పుడు వాలు, అంటే అంచు పక్కనుండే ఏటవాలు ముఖం, మొత్తం పట్టాకు ఆనాలి. చివర్లో మణికట్టు పైకి లేపకు, ఉక్కు కత్తయితే అంచు గుండ్రబడుతుంది.

నిజంగానే పెచ్చు లేచిందని భూతద్దంలో కనిపిస్తే అప్పుడు వజ్రపు పొడి అతికించిన డైమండ్ ప్లేటు కావాలి. మామూలు సానరాళ్లు సెరామిక్‌ను కోయలేవు, కార్బొరండం కోసినా నాకు చేసినట్టే చేస్తుంది. 600 నంబరు గరుకుతో మొదలుపెట్టు, ఇంకా సన్నదైన 1200కు వెళ్లు, చివర గట్టి తోలు ముక్క మీద ఒక మైక్రాన్ డైమండ్ పేస్టు. దానికి పట్టా వేరేగా ఉంచు. ఒక్కో వైపు సుమారు ముప్పై డిగ్రీల వాలు ఉంటుంది, చేతి అంచనా చాలదు, బ్లేడును బిగించే గైడు కొనుక్కో. వాలుకు మార్కర్ పెన్ను సిరా పూసి రెండుసార్లు లాగి చూడు. సిరా అంతటా సమంగా పోతే కోణం కుదిరినట్టు. కత్తి బరువు తప్ప నీ బరువు దాని మీద పడకూడదు. నూరుతున్నంతసేపూ ప్లేటు తడిగానే ఉండాలి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు.

కళ్లద్దాలు పెట్టుకో. నూరేటప్పుడూ పెట్టుకో, చెక్కేటప్పుడూ పెట్టుకో. చాదస్తం అనుకున్నా సరే, అద్దాలు పెట్టుకుని పని చేస్తున్న ఫొటో నాకు పంపేదాకా రోజూ ఫోను చేస్తాను. అన్నం తిన్నావా అని అడిగేముందు అదే అడుగుతాను.

పువ్వుల కంటే ముందు మన అక్షరాలు చెక్కి చూడు. ఆ కత్తి తిరిగేది వంపుల కోసమే, మన లిపిలో వంపులకు కొదవ లేదు. ‘అ’ మొదటి సున్న నుంచి చివరి తోక దాకా కత్తి ఎత్తకుండా రావాలి. మొదట వంకరగా వచ్చినా పారేయకు, నాకు పంపు.

మీ తాత రంపె ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. పిడి అరిగిన చోట నీ బొటనవేలు సరిపోతుందో లేదో చూసుకో. అది ఉక్కు, దాన్ని రాయి మీదే నూరాలి. ఆ రాయి మీ ఇంటి వెనుక తులసికోట పక్కన ఉంది, మధ్యలో పల్లం పడి ఉంటుంది. మీ నాన్ననడిగితే చూపిస్తాడు.

మీ పెదనాన్న