కథారచనలో పోయిన సరదా తిరిగి ఎలా వస్తుంది? వంతను పక్కన కూర్చోబెట్టుకోండి

చాలాకాలంగా కథలు రాస్తున్నాననీ, కొన్ని అచ్చయ్యాయనీ, అయినా ఈమధ్య రాయడానికి కూర్చోవడమే బరువుగా ఉంటోందనీ, మొదట్లో ఉన్న ఆ సరదాను తిరిగి తెచ్చుకునే దారి ఏమిటనీ మీరు అడిగారు. కొన్నాళ్లు రాయడం ఆపేయమని చాలామంది సలహా ఇస్తారు. నా మటుకు నాకు దానివల్ల రాయకపోవడం అలవాటైంది తప్ప వేరే ప్రయోజనం కనబడలేదు. నాకు అక్కరకు వచ్చింది చిన్నప్పుడు మా ఊళ్లో విన్న జముకుల కథ.

మాది విజయనగరం జిల్లాలో గజపతినగరం దగ్గరి పల్లె. జముకు అంటే, గుల్లకు ఒకవైపు చర్మం బిగించి, దాని మధ్యనుంచి లాగిన తీగను మీటుతూ వాయించే వాద్యం. ప్రధాన కథకుడు కథ నడుపుతూ ఉంటే పక్కనున్న తోడుపాటగాడు, అంటే వంత, పాట అందుకుంటాడు, మధ్యమధ్య అడ్డు తగులుతాడు. ఆ అడ్డు తగలడం చూడవలసిందే. కథకుడు రాణిని అడవుల పాలు చేసి, ఆమె చేత కంటతడి పెట్టించి, గొంతెత్తి రాగం తీస్తున్న సమయంలో వంత చెయ్యి పైకెత్తి, "అదంతా బాగుంది గానీ బావా, ఆయమ్మ పొద్దుట్నించీ ఏటైనా తిన్నాదేటి?" అంటాడు. "అడివిలో ఏటుంటాదిరా తిండానికి?" అని కథకుడు విసుక్కుంటే, "మరంత పెద్ద రాగం తియ్యడానికి బలమెక్కడిదీ?" అని మళ్లీ అడుగుతాడు. జనం విరగబడి నవ్వుతారు. ఇక కథకుడు జవాబు చెప్పక తప్పదు కాబట్టి, అప్పటికప్పుడు ఆ అడవిలో ఒక ఈతచెట్టును మొలిపిస్తాడు. ఆ పళ్లు ఏరుకుంటున్న రాణికి ఒక ముసలమ్మ ఎదురవుతుంది. కథ మరో మలుపు తిరుగుతుంది. అప్పటిదాకా నవ్విన ఆడవాళ్లే కాసేపటికి కొంగుతో కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

రాసేటప్పుడు నేనూ ఒక వంతను కల్పించుకున్నాను. నోటుబుక్కులో కుడిపేజీ కథకు, ఎడమపేజీ అతడికి. అతడు ఏది అడిగినా దాటవేయకుండా జవాబు రాయాలి; అతడు మాత్రం తిండి, డబ్బు, చెప్పులు, బస్సు వేళ వంటి చిల్లర విషయాలే అడగాలి. ఈ రెండో నియమం గురించి నేను కాస్త పట్టుదలగా ఉంటాను. ఈ పాత్ర దేనికి ప్రతీక అని ప్రశ్నించుకున్న మరుక్షణం మనం పోటీల న్యాయనిర్ణేత ఎదుట నిలబడిపోతాము. ఆ పాత్ర చెప్పులు ఎక్కడ విడిచిందని వంత అడిగితే, మన ఎదుట కథ వినడానికి వచ్చిన మనిషి ఉంటాడు. సరదా చచ్చిపోయేది చాలావరకు ఆ న్యాయనిర్ణేత సమక్షంలోనే అని నా అభిప్రాయం.

ఆస్తి తగాదాతో ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ముల కథ ఒకటి నా దగ్గర కదలక మెదలక పడి ఉండేది. అన్నగారు రిటైరైన గుమాస్తా. తమ్ముడిని చూడడానికి విజయనగరంలో బొబ్బిలి బస్సు ఎక్కుతాడు. కిటికీ పక్కన కూర్చుని గతం తలుచుకుంటాడు. అంతే, అక్కడితో ఆగిపోయింది. "ఒళ్లో ఆ సంచీ ఏటి?" అని వంత అడిగాడు. ఆలోచించకుండా పనసకాయ అని రాసేశాను. "అంత కాయకి లగేజీ కొట్టరేటి?" అన్నాడు. దాంతో కండక్టరు లగేజీ టికెట్టు తీసుకోమన్నాడు, పెద్దాయన ససేమిరా అన్నాడు, బస్సులో సగంమంది అటూ సగంమంది ఇటూ చేరి రామభద్రపురం దాకా వాదించుకున్నారు. చివరకు "అమ్ముకోడానికా, తిండానికా?" అని ఎవరో నిలదీస్తే, అది తగాదాలో ఉన్న పెరట్లోని చెట్టు కాయ అనీ, తమ్ముడి వాటా అనీ పెద్దాయన బయటపెట్టాడు. ఆ వాక్యం రాసేదాకా ఆ సంగతి నాకూ తెలియదు. మర్నాడు ఏం జరుగుతుందో చూద్దామని పెందరాళే లేచి కూర్చున్నాను.

నావి గంభీరమైన వస్తువులు, వాటిలో ఈ వేళాకోళానికి చోటెక్కడిది అని మీరు అనవచ్చు. విజయనగరంలోనే దానికి సమాధానం ఉంది. కన్యాశుల్క వివాహాల మీద మహారాజా తయారు చేయించిన జాబితాలో, అది అసంపూర్ణమే అయినా, మూడేళ్లకు 1034 పెళ్లిళ్లు లెక్క తేలాయని గురజాడ తన 'కన్యాశుల్కం' నాటకం పీఠికలో రాశారు. అంతటి ఘోరం మీద 1892లో ప్రదర్శనకెక్కిన నాటకం ప్రేక్షకులను కడుపుబ్బ నవ్వించేది కావడమే కాక, 1909లో ఆయన దాన్ని దాదాపు కొత్తగా తిరగరాసినప్పుడు మధురవాణి పాత్ర మరింత పెరిగింది. హరికథకు పేరుపడిన ఆదిభట్ల నారాయణదాసు గారు స్థిరపడిందీ ఈ ఊళ్లోనే. భక్తికథ నడుమ పిట్టకథ చెప్పి నవ్వించడం హరికథలో ఎవరూ తప్పుపట్టని పద్ధతి.

ఎడమపేజీలో రాసిందంతా చివరిదాకా నిలవదు. నా కథలో లగేజీ గొడవను బాగా కుదించాను, పనసకాయ మాత్రం ఉండిపోయింది. మీరు కొత్త కథతో కాకుండా, మధ్యలో వదిలేసిన పాత ప్రతితో మొదలుపెట్టండి. దాని మీద ఆశ ఎలాగూ వదులుకున్నారు కనుక, వంత ఎంత అల్లరి చేసినా మీకు కోపం రాదు.