విశ్వవిద్యాలయ మహిళా ఫుట్‌బాల్ జట్టులో చోటెలా?

ప్రశ్న: హనుమకొండలో డిగ్రీ చదువుతున్నాను. మా కళాశాలలో అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు లేదు. కాకతీయ విశ్వవిద్యాలయం తరఫున ఆడే అవకాశం ఉంటుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఉంటుందమ్మా. 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం తన జట్టును అనుబంధ కళాశాలల విద్యార్థినుల నుంచే ఎంపిక చేస్తుంది కనుక, సెలెక్షన్లు ఎప్పుడు జరుగుతాయో మీ వ్యాయామ అధ్యాపకులను ముందే అడిగి తెలుసుకోండి. భారత విశ్వవిద్యాలయాల సంఘం నిర్వహించే పోటీల్లో మన జట్టు దక్షిణ మండలంలో ఆడుతుంది; అక్కడ ఫుట్‌బాల్‌కు పేరుపడ్డ కేరళ, తమిళనాడు విశ్వవిద్యాలయాలను ఎదుర్కొని ముందు వరుసలో నిలిస్తేనే అఖిల భారత స్థాయికి దారి దొరుకుతుంది. అది కష్టమే గాని అసాధ్యం కాదు. మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోతు సౌమ్య 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరారు. మీరు ఐదారుగురు స్నేహితురాళ్లను కూడగట్టి రోజూ పాసింగ్ సాధన చేయండి. ఒంటరి పరుగు కన్నా అదే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.