డ్రమ్ములు మోగని నంబర్ వన్

ప్రశ్న: మా మేనమామ కాలేజీ రోజుల్లో కావలి ట్రంకు రోడ్డులోని రికార్డింగ్ సెంటర్‌లో నింపించుకున్న క్యాసెట్‌లో రిచర్డ్ మార్క్స్ పాడిన ‘రైట్ హియర్ వెయిటింగ్’ ఉంది. ఆ గాయకుడికి హిట్టయినది ఆ ఒక్క పాటేనని ఆయన అంటారు. నిజమేనా? ఇంత మెత్తని పాటను రాక్ అని ఎందుకు అంటారు?
— ఒక పాఠకురాలు, కావలి

జవాబు: మీ మేనమామగారి అభిరుచిని మెచ్చుకోవలసిందే కాని, ఆయన మాటతో ఏకీభవించలేము. 1987లో వచ్చిన మార్క్స్ మొదటి సింగిల్ (విడిగా రికార్డుగా అమ్మిన పాట) ‘డోంట్ మీన్ నథింగ్’ అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక ప్రకటించే ‘హాట్ 100’ పట్టికలో 3వ స్థానానికి చేరింది. అది మొదలు వరుసగా ఏడు సింగిళ్లు మొదటి అయిదు స్థానాల్లోపే నిలిచాయి. వాటిలో 1988 నాటి ‘హోల్డ్ ఆన్ టు ది నైట్స్’, 1989 నాటి ‘శాటిస్‌ఫైడ్’, ఆ వెనువెంటనే మీరు అడిగిన పాట, ఒకదాని తరువాత ఒకటిగా మూడూ అగ్రస్థానం అందుకున్నాయి. ఈ పాట 1989 ఆగస్టులో మూడు వారాలు అక్కడే ఉంది. ఇది చోటు చేసుకున్న ఆల్బమ్ పేరు ‘రిపీట్ అఫెండర్’, అంటే చేసిన నేరమే మళ్లీ చేసేవాడు. ఆ ఆల్బమ్ కూడా ఆల్బమ్‌ల పట్టికలో మొదటి స్థానానికి చేరింది కాబట్టి పేరు సార్థకమైందనే అనాలి.

మన దగ్గర పాట సినిమాతో పుట్టి సినిమాతోనే ఊరూరా తిరుగుతుంది. అక్కడ ఒక్కో పాటనూ సింగిల్‌గా విడిగా అమ్మేవారు. ఆ రోజుల్లో రికార్డుల దుకాణాలు, రేడియో కేంద్రాలు పంపే వివరాలను కలిపి వారం వారం స్థానాలు నిర్ణయించేవారు. మన రికార్డింగ్ సెంటర్ల వరకు వచ్చినవి ఎక్కువగా నెమ్మదైన ప్రేమగీతాలే. గిటార్ హోరుతో సాగే ‘శాటిస్‌ఫైడ్’ వంటివి ఖాళీ క్యాసెట్లు పట్టుకుని వెళ్లినవారి జాబితాల్లో అరుదు. మీ మేనమామగారి అభిప్రాయానికి కారణం బహుశా అదే కావచ్చు.

ఇక రాక్ సంగతి. రాక్ పాట నిర్మాణాన్ని ఉంచుకుని, హోరు తగ్గించి, పియానోను, మామూలు గిటార్‌ను, అన్నిటికన్నా గొంతును ముందుకు తెచ్చిన ధోరణిని సాఫ్ట్ రాక్ అంటారు. 1970లలో అమెరికన్ రేడియో దానిని బాగా ఆదరించింది. ఈ పాటలో అసలు డ్రమ్ములే లేవు. షూటింగ్ కోసం దక్షిణాఫ్రికాలో ఉన్న నటి సింథియా రోడ్స్‌కు, వీసా దొరకక వెళ్లలేకపోయిన మార్క్స్ రాసుకున్న ప్రేమలేఖ ఇది. ఉత్తరానికి డప్పులెందుకు?

ఏడు పాటల తరువాత ఆ జోరు కొంత తగ్గినా, 1994లో ‘నౌ అండ్ ఫరెవర్’ మళ్లీ మొదటి పది స్థానాల్లోకి వచ్చింది. గాయకుడు లూథర్ వాండ్రోస్‌తో కలిసి మార్క్స్ రాసిన ‘డాన్స్ విత్ మై ఫాదర్’కు 2004లో గ్రామీ కూడా లభించింది. మీ మేనమామగారికి పేరు చెప్పకుండా ‘శాటిస్‌ఫైడ్’ వినిపించి చూడండి. గొంతు గుర్తుపట్టడానికి ఆయనకు కనీసం ఒక చరణమైనా పడుతుంది.