నొప్పి మోకాలిది, నొక్కవలసింది తొడను

ప్రశ్న: నా వయసు 44. బెంగళూరు జయనగర్‌లో ఉంటున్నాను. మూడు వారాలుగా రోజు విడిచి రోజు లాల్‌బాగ్‌లో పరుగెత్తి, కెంపేగౌడ గోపురం ఉన్న రాతిగుట్టను నాలుగైదు సార్లు ఎక్కి దిగుతున్నాను. మర్నాటికి తొడలు, పిక్కలు పట్టేస్తున్నాయి. మెట్లు దిగుతుంటే కుడి మోకాలి ముందువైపు నొప్పి. రాత్రి నూనె రాసి మోకాటి చిప్ప చుట్టూ గట్టిగా రుద్దుకుంటే ఇంకా ఎక్కువవుతోంది. సొంతంగా మర్దన చేసుకోవచ్చా?

జవాబు: చేసుకోవచ్చు. మీరు రుద్దుతున్న చోటే సరైనది కాదు. అలవాటు లేని శ్రమ చేసిన 12 నుంచి 24 గంటల్లో మొదలై, రెండు మూడు రోజులు బాధించి, వారంలోపు తగ్గే కండరాల నొప్పి మీ తొడలది, పిక్కలది. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయిందని జిమ్‌లలో చెబుతుంటారు గాని, అది వ్యాయామం ఆపిన గంట రెండు గంటల్లోనే మామూలు స్థాయికి వచ్చేస్తుంది. గుట్ట దిగేటప్పుడు ఒంటి బరువును ఆపడానికి తొడ కండరం ఒకపక్క సాగుతూనే మరోపక్క బిగుసుకోవలసి వస్తుంది కాబట్టి, దాని పోగుల్లో సూక్ష్మమైన చీలికలు ఏర్పడతాయి. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది గనుక అదే కష్టమనుకుంటాం.

మర్దన ఆ చీలికలను త్వరగా మాన్పదు. నొప్పిని, బిగువును కొంత తగ్గిస్తుంది, అంతే. గోడకు ఆనుకుని కాలు చాపి, మోకాలి కింద మడిచిన తువ్వాలు పెట్టుకుంటే తొడ వదులవుతుంది. నువ్వుల నూనె ఒక చెంచా చాలు, ఏ నూనె అయినా చేయి జారడానికే. చిప్పకు నాలుగు వేళ్ల పైనుంచి మొదలుపెట్టి, అరచేతితో తుంటివైపు నిదానంగా ఒత్తుతూ రండి. ముడిలా గట్టిగా తగిలిన చోట బొటనవేలిని 20, 30 సెకన్లు నిలిపి నొక్కండి. ఊపిరి బిగబట్టవలసి వస్తే ఒత్తిడి ఎక్కువైనట్టే. ఒక్కో కండరానికి రెండు నిమిషాలు మించనక్కరలేదు. పిక్కకు ఫోమ్ రోలర్ లేకపోతే అప్పడాల కర్ర సరిపోతుంది గాని, కాలి ముందరి ఎముక మీద, రక్తనాళాలూ నరాలూ పైపైనే ఉండే మోకాలి వెనుక గుంటలో దొర్లించకండి.

మీరు చెప్పిన తీరును బట్టి మోకాలి నొప్పి చిప్ప వెనుక పడే ఒత్తిడి వల్ల కావచ్చు. దానికి చిప్పను రుద్దడం మందు కాదు. తొడ, తుంటి కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని, అంతవరకు గుట్టను ఒక్కసారితో సరిపెట్టండి. మోకాలు వాచినా, మధ్యలో ఇరుక్కుపోయినట్టయినా, బరువు ఆనలేకపోయినా ఎముకల వైద్యుడికి చూపించుకోవాలి.

ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా ఉండి నొప్పి పెడుతుంటే దాని మీద చేయి వేయవద్దు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉంటే, రుద్దడం వల్ల ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు మర్దనకు ముందే తమ వైద్యుణ్ణి అడగాలి. విపరీతమైన శ్రమ తర్వాత మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తే, దెబ్బతిన్న కండరాల పదార్థం మూత్రపిండాల మీద భారం వేస్తున్నదని అనుమానించి, నూనె సీసా పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.