ధరలు తగ్గాయంటున్నారు, మా కిరాణా బిల్లు తగ్గదేం?

ప్రశ్న: మాది హనుమకొండ. ఇంట్లో నలుగురం. మావారి జీతం, నా కుట్టుపని కలిపి నెలకు 42 వేలు వస్తాయి. రెండేళ్ల కిందట ఏడున్నర వేలతో సరిపోయిన కిరాణా ఇప్పుడు పది వేలు దాటుతోంది. నాలుగు నెలలుగా సరుకులు క్రెడిట్ కార్డు మీద తెచ్చి మినిమం మాత్రమే కడుతున్నాం. బాకీ 18 వేలకు చేరింది. బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్ (ఆర్‌డీ) 3 వేల చొప్పున 14 నెలలుగా కడుతున్నాం. ధరలు తగ్గాయని వార్తల్లో చెబుతున్నారు, మాకెందుకు తగ్గలేదు? ఆర్‌డీ ఆపేయమంటారా?

జవాబు: వార్త అబద్ధం కాదమ్మా, మీ బిల్లూ అబద్ధం కాదు. 2025 అక్టోబరులో చిల్లర ద్రవ్యోల్బణం, అంటే మనం కొనే సరుకుల ధరలు పెరిగే వేగం, 0.25 శాతమే. కానీ అది అంతకు ముందు ఏడాది అక్టోబరుతో పోల్చి చెప్పే లెక్క. 2023 అక్టోబరులో వంద రూపాయలకు వచ్చిన కూరగాయలు దేశం మొత్తమ్మీద సగటున మరుసటి ఏడాదికి 142 అయ్యాయి. ఆ తర్వాతి ఏడాది 27 శాతం పైగా దిగాయి. అంటే తిరిగి 103 దగ్గరికి వచ్చాయి. వార్తలో కనిపించేది ఆ దిగుడు. మీరు కట్టేది 103.

నూనె సంగతి వేరు. మన దేశానికి కావాల్సిన వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే రావాలి. 2024 సెప్టెంబరులో ముడి నూనెల మీద దిగుమతి సుంకం 5.5 నుంచి 27.5 శాతానికి పెరిగింది. 2025 మే ఆఖరులో 16.5కి తగ్గించినా పాత స్థాయికి రాలేదు. కొనేటప్పుడు ప్యాకెట్ తిప్పి గ్రాములు చూడండి. లీటరు సన్‌ఫ్లవర్ నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. పక్కనే అదే సైజులో కనిపించే ప్యాకెట్ మీద 850 అనో 800 అనో చిన్న అక్షరాల్లో ఉంటుంది. పది రూపాయలు తక్కువని తీసుకుంటే నష్టపోయేది మీరే.

అయితే మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది నూనె ధర కాదు, ఆ మినిమం. కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతం అనుకుంటే 18 వేలకు 630, దాని మీద జీఎస్టీ కలిపి దాదాపు 743 రూపాయలు. మీ ఇంటికి నెలకు సరిపడే నూనె డబ్బు అది. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కార్డు మీద కొన్న కొత్త సరుకులకు కూడా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. పప్పూ ఉప్పూ ఏడాదికి 42 శాతం వడ్డీకి తెచ్చుకుంటున్నట్టు లెక్క.

మామూలుగా ఆర్‌డీ జోలికి వెళ్లొద్దనే చెబుతాను. మీకు మాత్రం మూసేయమంటున్నాను. ఏడు శాతం లోపు వడ్డీ వచ్చే చోట డబ్బు పెట్టుకుని, 42 శాతానికి అప్పు మోయడం ఎందుకు? ముందే మూస్తే వడ్డీ కొంత తగ్గుతుంది, పోనివ్వండి. ఆర్‌డీ మూస్తే చేతికొచ్చే 42 వేల పైచిలుకులో 18 వేలు కార్డుకు కట్టేయండి. మరో 15 వేలు ఆపదకని సేవింగ్స్ ఖాతాలో ఉంచండి.

మిగిలిన 9 వేలు ఏడాది సరుకులకు. మన పెద్దవాళ్లు సంక్రాంతి దాటాక కందిపప్పు, ఎండలు ముదిరేలోగా మిరపకాయలు, చింతపండు తెచ్చి ఎండబెట్టి డబ్బాలకెత్తేవారు. కొత్త పంట మార్కెట్‌కు వచ్చే రోజులవి, అప్పుడే ధర మెత్తబడుతుంది. ఇప్పటికీ ఆ పద్ధతే మేలు. నూనె మాత్రం నిల్వ చేయొద్దు, కమురు వాసన వస్తుంది.

వచ్చే నెల నుంచి 2 వేలతో కొత్త ఆర్‌డీ, వెయ్యి ఈ సరుకుల నిధికి. కార్డును బీరువాలో పెట్టేయండి. బాకీ మొత్తం కట్టాక కూడా తర్వాతి స్టేట్‌మెంట్‌లో కొంత వడ్డీ కనిపించవచ్చు. అది కట్టిన రోజు వరకు లెక్కగట్టిన వడ్డీ. కంగారుపడకుండా గడువులోగా అదీ కట్టేయండి.