టెక్ సందేహాలు: అమ్మ కీప్యాడ్ ఫోన్‌కి నెట్ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మది కీప్యాడ్ ఫోన్. కాల్స్‌కీ, బ్యాంకు ఓటీపీలకీ తప్ప దేనికీ వాడదు. అయినా ప్రతి 28 రోజులకూ నెట్ ఉన్న ప్యాకే వేయిస్తున్నాం. వాడని డేటాకు డబ్బులు కట్టక తప్పదా?
– ఒక పాఠకురాలు, తణుకు

తప్పుతుంది, కాస్త వెతుక్కోవాలంతే. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలు మార్చింది. కాల్స్, ఎస్ఎంఎస్‌ల కోసమే ఉండే వోచరు (రీచార్జి ప్లాన్) ఒక్కటైనా ప్రతి కంపెనీ అమ్మాలంది. వోచర్ల గడువు 90 రోజులు దాటకూడదన్న పరిమితిని 365 రోజుల దాకా పెంచింది. మరుసటి నెలలోనే 84 రోజులవీ, ఏడాదివీ వచ్చేశాయి. మరి మీకెవరూ చెప్పలేదేం? యాప్ తెరవగానే కళ్లకు కనబడేది కంపెనీ అమ్మదలచుకున్న ప్యాకే గానీ, మీకు కావాల్సింది కాదు. రీచార్జి షాపులో ‘నెట్ లేని ప్లాన్’ అని నోరు తెరిచి అడగండి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడగాల్సింది అమ్మ కోసమే.

మరీ చవగ్గా దొరుకుతుందని మాత్రం ఆశపడకండి. ట్రాయ్ ప్లాన్ పెట్టమంది, ధర ఇంతని చెప్పలేదు. మొబైల్ ధరల్ని చాలా ఏళ్లుగా కంపెనీలకే వదిలేశారు. పోటీ ఉంటే రేట్లు వాటంతటవే దిగుతాయని నమ్మకం. పోటీ గట్టిగా ఉన్నన్నాళ్లూ దిగాయి కూడా. ఇప్పుడు మన దగ్గర మిగిలింది మూడు ప్రైవేటు కంపెనీలూ, బీఎస్ఎన్ఎల్! అందుకే ప్లాన్ ధరను రోజులతో భాగించి చూసుకున్నాకే వేయించండి. 28 రోజుల ప్యాకైతే ఏడాదికి 12 కాదు, 13 సార్లు కడుతున్నట్టు. ఓటీపీల గురించి బెంగ వద్దు, వాటికి నెట్ అక్కర్లేదు.

ప్రశ్న: ఫోన్ పోతే మొన్ననే పాత నంబరుతో కొత్త సిమ్ తీసుకున్నా. వేరే నెట్‌వర్క్‌కి మారదామని 1900కి పోర్ట్ మెసేజ్ పెడితే కోడ్ రావట్లేదు. నేను హైదరాబాద్ నుంచి విశాఖ వచ్చేశాను. అందుకేనా?
– ఓ పాఠకుడు

విశాఖ తప్పేం లేదు, వారం ఆగండి. సిమ్ మార్చిన 7 రోజుల్లోపు పోర్టింగ్ కోడ్ ఇవ్వకూడదని 2024 జులై 1 నుంచి నిబంధన. ఎవడో మీ పేరుతో డూప్లికేట్ సిమ్ తీసుకుని, వెంటనే నెట్‌వర్క్ మార్చేసి, మీ ఓటీపీలు కొట్టేయకుండా ఈ అడ్డు. చిరాకే, కానీ ఖాతా ఖాళీ అవడం కన్నా నయం. ఆ తర్వాత వచ్చే కోడ్ 4 రోజులే పనిచేస్తుంది. పాత బ్యాలెన్సు వెంట రాదు, ముందే వాడేసుకోండి. ఊరు మారిన సంగతంటారా, రాష్ట్రం విడిపోయినా టెలికాం సర్కిల్ (ఫోన్ సేవల కోసం దేశాన్ని విభజించిన ప్రాంతం) విడిపోలేదు. హైదరాబాద్ ఇప్పటికీ ‘ఆంధ్రప్రదేశ్’ సర్కిల్లోనే ఉంది. కాబట్టి మీకు వేరే సర్కిల్‌కి పట్టే 5 పనిదినాలు కాదు, 3 చాలు.