సొరబుర్ర, కలబాష్ కాయ: నీళ్లకు ఏది మేలు?

ప్రశ్న: మా బంధువుల తోటలో ఒక చెట్టుకు మాను మీదే గుండ్రని పెద్ద కాయలు కాశాయి. వాటి పెంకుతో పాత్రలు చేయవచ్చన్నారు. మా తాతగారు పొలానికి నీళ్లు తీసుకువెళ్లిన సొరబుర్ర, ఈ కాయ ఒకే జాతివా? అటువంటి బుర్రను ఇంట్లో తయారు చేసుకోవడం ఎలా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: రెండింటికీ చుట్టరికం లేదు. మీరు చూసినది బహుశా మధ్య అమెరికా నుంచి వచ్చిన కలబాష్ చెట్టు. దాని పువ్వులు మాను మీద, ముదురు కొమ్మల మీద రాత్రివేళ విచ్చుకుంటాయి. గబ్బిలాల వల్ల పరాగ సంపర్కం జరుగుతుంది. మెక్సికోలో ఆ పెంకును కోసి గిన్నెలు చేస్తారు. సొర మాత్రం దోస, గుమ్మడి కుటుంబానికి చెందిన తీగ. ఆఫ్రికాలో పుట్టిన ఈ తీగ కాయలను అమెరికా ఖండాల్లో సుమారు 10,000 ఏళ్ల కిందటే, అంటే అక్కడ మట్టికుండ రాకముందే, మనుషులు వాడుకున్నారు.

నీళ్లకైతే నేను సొరనే ఎంచుకొమ్మంటాను. సన్నని మెడకు బిరడా పెట్టుకోవచ్చు, తీగ ఒక్క పంటకాలంలోనే కాపుకు వస్తుంది. అయితే సంతలో దొరికే పొడవాటి హైబ్రిడ్ కాయ పనికిరాదు. అడుగు గుండ్రంగా ఉండే నాటు రకం విత్తనం కావాలి. ఆ విత్తనం ఇంకా దాచుకున్న రైతు మీ పల్లెలో ఉంటే తప్పక అడిగి తీసుకోండి. మన ప్రాంతంలో ఆశ్వయుజ, కార్తీక మాసాల వానలకు ముదురు కాయ కుళ్లిపోయే ప్రమాదం ఉన్నందువల్ల, సంక్రాంతి దాటాక పండేలా విత్తుకోవడం మంచిది.

తొడిమ పూర్తిగా ఎండేవరకు కాయను తీగకే వదిలి, తరువాత గాలి ఆడే నీడలో వేలాడదీయండి. పైన బూజు పట్టినా భయపడనక్కరలేదు, గీకివేస్తే పోతుంది. ఊపినప్పుడు లోపల గింజలు గలగలమంటే మెడ కోసి, నీళ్లు నింపి, గుజ్జు నానిన తరువాత గులకరాళ్లు వేసి బాగా కుదిలించి కడగాలి. నీటిలో చేదు పూర్తిగా పోయేవరకు రోజూ నీళ్లు మార్చాలి. ఈ ఒక్క విషయంలో తొందర వద్దు, ఎందుకంటే చేదు సొరలోని కుకుర్బిటాసిన్లు అనే విషపదార్థాలు వాంతులు, విరేచనాలు కలిగించి ప్రాణం మీదికి తెస్తాయి. చేదు కాయ గింజలను కూర కోసం విత్తకండి.

ఇక వేరే కాయల పెంకులంటారా, మారేడు పెంకు నీళ్లకు చిన్నది. శైవులు విభూతి ఉంచుకోవడానికి వాడేవారు. కొబ్బరి చిప్ప గరిటెకు సరిపోతుంది.

మీ బుర్రలో పాలు, నూనె పోయకండి, వాసన పట్టేస్తుంది. వాడనప్పుడు నీళ్లన్నీ ఒంపి, మూత తీసి తలకిందులుగా వేలాడదీయండి.